ఫోనులో బజారు, పోలవరంలో కొట్టు



పోలవరంలో గానీ, ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లో గానీ ఆన్‌లైన్‌లో వస్తువు తెప్పించుకోవాలంటే ముందు చిరునామా రాయాలి. ఇంటి నంబరు చాలామందికి గుర్తుండదు. వీధికి పేరున్నా ఎవరూ వాడరు. అందుకని ఆ గడిలో ఏం రాస్తారంటే, ఫలానా కిరాణా కొట్టు ఎదురుగా, ఫలానా మందుల షాపు పక్క సందులో, ఫలానా బట్టల కొట్టు మేడ మీద అని. బండికి సంచులు కట్టుకుని వచ్చే డెలివరీ కుర్రాడు తిన్నగా వచ్చి ఆ కొట్టు ముందే ఆగుతాడు. "ఈ పేరుగలవాళ్లు ఎక్కడుంటారండీ?" అంటాడు. కొట్టాయన దారి చెబుతారు. ఆ ఇంట్లోవాళ్లు పొలం వెళ్లారని తెలిస్తే, "ఇక్కడ పెట్టి వెళ్లు బాబూ, సాయంత్రం ఇచ్చేస్తాలే" అంటారు. తన దగ్గర కొనాల్సిన సరుకునే ఇంకోచోట కొని తెప్పించుకున్నవాళ్ల పార్సిల్‌ని తన కౌంటరు కింద, తన పూచీ మీద దాచిపెడతారు. ఇందుకు ఆయనకి పైసా ఎవరూ ఇవ్వరు.

ఈ సాయానికి వెల ఉందని ముందు గ్రహించింది కొట్టాయన కాదు, కంపెనీ. 2015లో అమెజాన్ మన దేశంలో 'ఐ హ్యావ్ స్పేస్' అనే పథకం పెట్టింది. వీధుల్లోని చిన్న కొట్లకి పార్సిళ్లు అప్పగించి, ఆ చుట్టుపక్కల ఇళ్లకి పంపిణీ చేయించి, పార్సిల్‌కి ఇంత అని ముట్టజెప్పడం ఆ పథకం. 2019లో ఫ్లిప్‌కార్ట్ కూడా కిరాణా కొట్లతో ఇలాంటి ఏర్పాటే చేసుకుంది. ఎకరాల కొద్దీ గోదాములున్న సంస్థలు చిట్టచివరి రెండు కిలోమీటర్ల దగ్గరికొచ్చేసరికి వీధి కొట్టు సాయం కోరాయంటే, వాళ్లకి లేనిదేదో ఆ కొట్టుకి ఉన్నట్టే. అది మనుషుల గురించిన ఎరుక. ఎవరు ఎక్కడుంటారు, ఎప్పుడు ఇంట్లో ఉంటారు, ఎవరికి ఏం కావాలి అన్న సంగతులు. ఆ ఎరుకని కొట్టాయన తన వ్యాపారానికి వాడుకుంటున్నారా లేదా అన్నదే ఈవేళ్టి ప్రసంగం.

ఇంటి గుమ్మంలో సరుకు పుచ్చుకుని డబ్బు కట్టడం మనకి కొత్త కాదు. తపాలా శాఖ వి.పి.పి. పద్ధతిని 1877లోనే తెచ్చింది. పోస్టుమాన్ పార్సిల్ తెస్తాడు, డబ్బు పుచ్చుకుని చేతికిస్తాడు, ఆ డబ్బు అమ్మినవాడికి తపాలా శాఖే చేరవేస్తుంది. ఇప్పటి క్యాష్ ఆన్ డెలివరీకి తాతగారు అదే. పాత తెలుగు పత్రికల వెనక పేజీలు తిరగేస్తే చేతి గడియారాలు, తలనూనెలు, లేహ్యాలు, పుస్తకాలు, అన్నిటికీ వి.పి.పి. ప్రకటనలే. అమెరికాలో ఇలా పోస్టు మీద అమ్మడంలో పెద్ద పేరు సియర్స్ కంపెనీది. దాదాపు వందేళ్లు నడిచిన తన పెద్ద క్యాటలాగును ఆ కంపెనీ 1993లో ఆపేసింది. ఆ మరుసటి ఏడే, 1994లో, అమెజాన్ పుట్టింది. దూరం నుంచి అమ్మే విద్యలో అంత పండిపోయిన సంస్థ, ఆ విద్యకి మంచిరోజులు వచ్చే ముందే దాన్ని వదిలేసుకుంది.

వి.పి.పి. వచ్చినా ఊళ్లో కొట్లు మూతపడలేదు కదా, ఇప్పుడూ అంతే అని నిబ్బరంగా కూర్చుంటే మాత్రం కుదరదు. అప్పుడు కార్డు ముక్క రాసి వారాల తరబడి ఎదురుచూడాలి. ఇప్పుడు బజారు మొత్తం ఫోనులోనే ఉంది. డబ్బు కట్టడం కూడా అందులోనే. 2016లో మొదలైన యూపీఐ మీద 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2,000 కోట్లకు పైగా చెల్లింపులు జరిగాయి. పోలవరం రేవు దగ్గర జామకాయలు అమ్మే మనిషి కూడా స్కానరు పెట్టుకునే రోజులివి. డబ్బు కట్టడానికి ఫోను తీసిన చెయ్యి, అదే ఫోనులో వస్తువు ధర చూడకుండా ఉంటుందా?

దెబ్బ అన్ని కొట్లకీ ఒకేలా తగల్లేదు. సెల్‌ఫోన్లు, వాటి ఛార్జర్లు, కవర్లు, చెప్పులు, పిల్లల బొమ్మలు, వంటింటి ప్లాస్టిక్ సామాను, రోజువారీ కట్టే సింథటిక్ చీరలు: ఇవి అమ్మేవాళ్లకి గట్టిగా తగిలింది. ఇవన్నీ ఎక్కడ కొన్నా ఒకటే వస్తువు, కాబట్టి తేడా ధర ఒక్కటే. విడిగా తూచి ఇచ్చే కందిపప్పు, ఎరువు బస్తా, సైకిలు ట్యూబు, పొద్దున్నే వలలోంచి వచ్చిన చేప, ఇలాంటివాటి జోలికి ఫోను ఇంకా అంతగా రాలేదు. నోట్లో వేసుకుని కొరికి చూస్తే తప్ప బియ్యం పాతవో కొత్తవో తేల్చనివాళ్లున్న జిల్లాలివి. వాళ్లకి బియ్యం బొమ్మ చూపించి అమ్మడం అంత తేలిక కాదు.

మరి ఫోనులో ధర ఎందుకు తగ్గుతుంది? సూరత్‌లో తయారైన చీర పాత దారిలో రాజమండ్రి తాడితోట హోల్‌సేల్ కొట్టుకి రావాలి. అక్కణ్ణుంచి పోలవరం కొట్టుకి, అక్కణ్ణుంచి కొనేవాళ్ల ఇంటికి. ప్రతి మజిలీలోనూ కిరాయి, అద్దె, వడ్డీ, లాభం. మీషో లాంటి యాప్‌లో అదే సూరత్ వ్యాపారి చీరను నేరుగా ఇంటికే పంపిస్తాడు. మధ్యలో రెండు మజిలీలు ఎగిరిపోయాయి. దీనికి తోడు పెట్టుబడిదారుల డబ్బుతో నష్టానికైనా సరే అమ్మి, జనానికి అలవాటు చేసిన కాలం ఒకటి గడిచింది. అది మామూలు వ్యాపారి తట్టుకునే పోటీ కాదు. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ సంస్థలు తమ సొంత సరుకు అమ్మకూడదు, అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ మధ్య వేదికగా మాత్రమే ఉండాలి అన్నది మన చట్టం. ఆ నిబంధనల్ని 2019 ఫిబ్రవరి నుంచి ఇంకా బిగించారు. కొందరు అమ్మకందార్లకే ఈ సంస్థలు పెద్దపీట వేస్తున్నాయని ఢిల్లీ వర్తకుల సంఘం ఫిర్యాదు చేస్తే, 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ విచారణకి ఆదేశించింది. వర్తకుల గోడులో న్యాయం ఉంది. కానీ ఢిల్లీలో తీర్పు వచ్చేదాకా పోలవరంలో షట్టరు దించుకుని కూర్చోలేరు కదా.

కొట్లోకి వచ్చి, వస్తువు పట్టుకుని చూసి, ధర అడిగి, బయటికెళ్లి ఫోనులో కొనుక్కోవడం ఇక్కడి జబ్బే కాదు. అమెరికాలో బెస్ట్ బై అనే ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ 2012 నాటికి ఇదే రోగంతో మంచం పట్టింది. కొత్తగా వచ్చిన అధికారి హ్యూబర్ట్ జోలీ ఆన్‌లైన్ ధరకే ఇస్తామని ప్రకటించి, కంపెనీల చేతే దుకాణాల్లో వాటి వస్తువులకి ప్రత్యేకమైన చోటు కట్టించి, బిగింపు, మరమ్మతుల పని పెంచి దాన్ని నిలబెట్టాడు. ఇందులో మొదటిది పోలవరం కొట్టాయన చేయలేరు. ఆన్‌లైన్ ధరకి ధర కట్టాలని దిగితే ఆర్నెల్లలో గల్లాపెట్టె ఖాళీ. మూడోది మాత్రం నిక్షేపంగా చేయగలరు. మిక్సీ ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకైనా దాని జారు బ్లేడు అరిగితే, బుష్ పోతే వెళ్లాల్సింది ఊళ్లో కొట్టుకే. "మా దగ్గర కొన్లేదుగా, మేం చెయ్యం" అని మొహం మీద చెప్పే కొట్టు, చేతికొచ్చిన డబ్బుతోపాటు రేపటి బేరాన్ని కూడా బయటికి పంపించేస్తున్నట్టే.

బట్టల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. తాడితోటలోని మహాత్మాగాంధీ హోల్‌సేల్ వస్త్ర మార్కెట్టు గోదావరి జిల్లాల బట్టల వ్యాపారానికి గుండెకాయ. వందల కొట్లు ఒక్కచోట. పోలవరం, గోపాలపురం, గోకవరం వైపు చిల్లర వర్తకులకి తాడితోట వెళ్లి మూటలు కట్టించుకు రావడం తరాల అలవాటు. పోలవరం నుంచి సుమారు 35 కిలోమీటర్లు. రోజంతా పోతుంది, ఆ రోజు కొట్టు బేరం పోతుంది. ఇప్పుడు హోల్‌సేల్ కొట్టు గుమస్తా వీడియో కాల్‌లో చీరలు విప్పి చూపిస్తాడు. ఇవతలి వర్తకుడు నచ్చినవాటికి ఫోన్‌పే కొడతాడు. మూట ఆర్టీసీ కార్గోలో వచ్చేస్తుంది. ఆన్‌లైన్ అనగానే అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ అనే అనుకుంటాం గానీ, ఊళ్లో వ్యాపారికి ఎక్కువ అక్కరకొచ్చిన ఆన్‌లైన్ ఈ వీడియో కాలే.

అదే వీడియో కాల్ ఆయనకి పోటీని కూడా పక్కింట్లోకి తెచ్చింది. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు తాడితోట నుంచో సూరత్ నుంచో బొమ్మలు తెప్పించుకుని, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి, వందో యాభయ్యో వేసుకుని చీరలు అమ్ముతున్నారు. 2015లో పుట్టిన మీషో మొదట్లో పెరిగింది ఇలాంటివాళ్ల భుజాల మీదనే. వీళ్లకి కొట్టు అద్దె లేదు, గుమస్తా జీతం లేదు. తెలివైన కొట్టాయన వీళ్లని తిట్టుకోరు. తన సరుకే వాళ్లకి ఇచ్చి అమ్మిస్తారు. మిగిలినవి వెనక్కి తీసుకుంటానంటారు. ఆ ఒక్క మాట సూరత్ వాడు అనలేడు.

పెళ్లి బట్టల దగ్గరికొస్తే కథ మారిపోతుంది. పెళ్లికూతురు, తల్లి, మేనత్త, ఇద్దరు పిన్నులు, వియ్యాలవారి తరఫు ఒకరిద్దరు, వీళ్లందరినీ మోసుకొచ్చే కారు. పట్టుచీర మడత విప్పి భుజాన వేసి అద్దం ముందు నిలబెట్టాలి. ఫలానావారికి పెట్టిన చీర ఖరీదు కంటే వీరికి పెట్టేది తగ్గకూడదు, మరీ పెరగకూడదు. మధ్యలో మజ్జిగ, కూల్‌డ్రింకులు. ఆడపడుచు ముఖం చూసి ఇంకో బేలు దింపమనడం. ఇది కొనుగోలు ఒక్కటే కాదు, పెళ్లిలో ఒక తంతు. ఏ యాప్ దీనికి చోటు చూపించలేదు. ఫాల్ కుట్టి, జిగ్‌జాగ్ చేయించి, జాకెట్టు టైలరుకి అప్పగించి, పెళ్లి నాటికి అన్నీ సిద్ధంగా ఇంటికి పంపే కొట్టు ఈ బేరాన్ని వదులుకోవలసిన పనే లేదు. అయినా కొన్ని కొట్లలో ఫాల్ అడిగితే "అదిగో, ఆ వీధి చివర కుడతారు" అని చెయ్యి చూపిస్తారు. కొట్లో అన్నిటికంటే ఎక్కువ లాభం మిగిలే పనిని వీధి చివరికి తోలేయడమేమిటో.

ఇక తగ్గింపు అమ్మకాలంటారా, ఆ విద్య తెలుగు బట్టల కొట్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. కొత్త కోడలు పుట్టింటికి వెళ్తుంది, అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదంటారు, బేరాలు పడుకుంటాయి. ఆ పడుకున్న నెలని లేపడానికి మన వర్తకులు ఆషాఢం తగ్గింపులు పెట్టారు. ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డే అంటూ హడావిడి చేసింది 2014 అక్టోబరులో. అప్పటికే ఇక్కడివాళ్లు ఆషాఢం కోసం డబ్బు దాచుకోవడం అలవాటు చేసుకున్నారు. పంచాంగం చూసి వ్యాపారం చేయడం తెలిసినవాళ్లకి క్యాలెండరు చూసి చేసేవాళ్లు కొత్త విద్య ఏం చూపిస్తారు?

పంచాంగం కంటే పెద్ద క్యాలెండరు ఇక్కడ పంటది. సార్వా కోతలు, దాళ్వా కోతలు, మెట్టలో పొగాకు. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లిలో పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. వేలం మొదలై బేళ్లు అమ్ముడుపోతే ఆ మండలాల్లో డబ్బు ఆడుతుంది. అప్పటిదాకా ఇల్లు గడిచేది చాలామటుకు కొట్లో ఖాతా మీద. పప్పు, నూనె, పిల్లల పుస్తకాలు, పురుగుమందు, అన్నీ అరువే. ఆన్‌లైన్ కంపెనీలు కూడా వాయిదాల పద్ధతి పెట్టాయి, నిజమే. కానీ ఆ వాయిదా నెల తిరగ్గానే కట్టాలి. వేలం ఆగిపోయింది, గిట్టుబాటు ధర రాలేదు, వచ్చే నెల ఇస్తాను అంటే కంప్యూటరు వినదు. కొట్టాయన వింటారు. విసుక్కుంటారు, నలుగురిలో ఒక మాట కూడా అంటారు, అయినా మళ్లీ తూచి ఇస్తారు.

ఖాతాని మరీ నెత్తికెత్తుకోవడం కూడా తగదు. అరువిచ్చిన చోటే కొనాలి, వాళ్లు చెప్పిన ధరకే కొనాలి, కాటా ఎటు మొగ్గినా నోరెత్తకూడదు. పురుగుమందు కొట్లో అప్పుపడ్డ రైతు ఆ కొట్టాయన అంటగట్టిన డబ్బానే తీసుకెళ్లి చల్లిన సందర్భాలు కోకొల్లలు. ఫోనులో ధర కనబడడం వల్ల ఇలాంటి కొట్లకి కళ్లెం పడింది. ఎం.ఆర్.పి. కంటే ఎక్కువ పుచ్చుకునే అలవాటు చాలా చోట్ల తగ్గడానికి కూడా ఫోను పుణ్యమే కొంత ఉంది. ఆన్‌లైన్ వల్ల కొనేవాళ్లకి జరిగిన మేలుని కాదని, చిన్న వ్యాపారిని కాపాడండి అంటూ నినాదాలిస్తే జనం వినరు. వినక్కర్లేదు కూడా.

పోలవరానికి వచ్చిన కష్టం ఇంకో రకం. 2014లో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించిన పోలవరం ప్రాజెక్టు కింద నిర్వాసితులయ్యే కుటుంబాలు లక్ష వరకూ ఉంటాయి. 48 గేట్ల స్పిల్‌వే కట్టిన చోటుకి దగ్గర్లో ఉన్న రామయ్యపేట, పైడిపాక, దేవరగొంది, మామిడిగొంది లాంటి ఊళ్లు ముందుగా ఖాళీ అయ్యాయి. ఊరు లేచిపోతే ఇళ్లకీ పొలాలకీ పరిహారం లెక్కగడతారు. కొట్లో ఖాతా పుస్తకానికి ఎవరు లెక్క కడతారు? ఒక ఊరి జనం రెండు మూడు పునరావాస కాలనీలకి చెదిరిపోతే, ఆ ఊరి కొట్టాయనకి రావాల్సిన బాకీలూ చెదిరిపోయాయి, రేపటి గిరాకీ కూడా చెదిరిపోయింది. కొత్త కాలనీకి వెళ్లినవాళ్లకి అక్కడి కొట్లో ఖాతా లేదు. కొత్త మనిషికి అరువెవరిస్తారు? అలాంటి చోట ఫోనులో బజారు ముందు దూరింది. పరిహారం డబ్బు బ్యాంకులో పడింది, చేతిలో ఫోను ఉంది, నమ్మి అప్పిచ్చే కొట్టు లేదు.

ఇప్పుడు ఆ కాలనీల్లో ఇంటి ముందుగదే కొట్టవుతోంది. ఇలాంటి కొట్లలో నిలదొక్కుకునేవి ఏం చేస్తున్నాయో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. సబ్బులు, బిస్కెట్లు ఒక పక్క, వేలిముద్ర మిషను ఒక పక్క. బ్యాంకులో డబ్బు తీసుకోవాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా, ఫోను రీఛార్జి చేయించాలన్నా అక్కడికే. చదువు రాని ముసలావిడకి ఆన్‌లైన్‌లో మోకాలి పట్టీ కావాలంటే కొట్టు కుర్రాడే తన ఫోనులో వెతికి, ఆర్డరు పెట్టి, వచ్చాక సైజు సరిపోకపోతే వెనక్కి పంపించి, పదో ఇరవయ్యో పుచ్చుకుంటాడు. ఆన్‌లైన్‌కి ఎదురు నిలవడానికి బదులు దానికి తనే కిటికీ అయ్యాడు. తన షెల్ఫులో పెట్టలేని లక్ష వస్తువులు ఆ కిటికీలోంచి అమ్ముతున్నాడు. ఈ పనికి పెట్టుబడి అక్కర్లేదు. ఓపిక కావాలి, నమ్మకం కావాలి. పక్కవాళ్ల ఓటీపీతో ఆడుకోని చెయ్యి కావాలి.

గోదావరి దాటి రాజమండ్రి వెళ్తే ఇంకో రకం కథ ఉంది. రత్నం పెన్నుల కథ. కోసూరి వెంకటరత్నం గారు స్వదేశీ స్ఫూర్తితో 1932లో మొదలుపెట్టిన పని. ఆయన తన అనుచరుడు జె.సి. కుమారప్ప ద్వారా పంపిన పెన్నుతో రాసి చూసి, బజార్లో దొరికే విదేశీ పెన్నులకి ఇది సరైన బదులులా ఉందని గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి, చేత్తో చెక్కి చేసే పెన్ను అది. ఆ తర్వాత బాల్‌పెన్ను వచ్చింది. రెండు రూపాయల రీఫిల్ ముందు సిరాపెన్ను ఎవరు కొంటారు? ఊరి గిరాకీ మీదే ఆధారపడి ఉంటే ఆ కొట్టు ఈపాటికి జ్ఞాపకంగా మిగిలేది. దాన్ని ఇంటర్నెట్టు ఆదుకుంది. సిరాపెన్నుల మీద మోజున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, ఏ ఊళ్లో చూసినా ఇద్దరో ముగ్గురో. ఒక్కో ఊళ్లో ఇద్దరు ముగ్గురంటే ఏ కొట్టూ బతకదు. అన్ని ఊళ్ల వాళ్లూ కలిసి ఒకే కొట్టుకి ఈమెయిలు రాస్తే బతుకుతుంది. 2019లో ప్రధాని మోదీ జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్‌కి రత్నం పెన్ను బహూకరించారు.

ఈ కథలో గమనించాల్సింది ఒకటుంది. రత్నం పెన్ను ధర తగ్గించి నిలబడలేదు. ఇరవైనాలుగు గంటల్లో ఇంటికి పంపుతామనీ అనలేదు. చేత్తో చేసేది కాబట్టి కొనేవాళ్లే ఆగుతారు. ఆన్‌లైన్ అంటే వేగం, చవక అని అందరూ అనుకునే చోట, ఆగి ఎక్కువ ఇచ్చి కొనే గిరాకీ కూడా అదే తీగ మీద దొరికింది.

ఆత్రేయపురం పూతరేకులది ఇంకో దారి. బోర్లించిన కుండ కింద మంట, పలచటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ, కుండ మీద ఒక్క వేటు. రేకు లేస్తుంది. దశాబ్దాలుగా ఆడవాళ్ల చేతిమీద నడుస్తున్న పని. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బరువు లేదు కాబట్టి కొరియరు ఖర్చు తక్కువ, కానీ చెయ్యి గట్టిగా తగిలితే పొడి అయిపోతుంది. అందుకని ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టినవాళ్లకి అసలు పరీక్ష వంటలో కాదు, అట్టపెట్టెలో ఎదురైంది. ఒక్కో చుట్టకీ కాగితం, వరసకీ వరసకీ మధ్య అట్ట, కదలకుండా బిగింపు. ఇది నేర్చుకున్నవాళ్ల పూతరేకులు హైదరాబాదు, బెంగళూరు దాటి విదేశాలకీ వెళ్తున్నాయి. నేర్చుకోనివాళ్లు రావులపాలెం రోడ్డు మీద ఆగే కార్ల కోసం ఎదురుచూస్తున్నారు. కుండ దగ్గర కూర్చుని రేకు తీసే మనిషికి ఈ కొత్త గిరాకీలో ఎంత వాటా దక్కుతోందన్నది వేరే ప్రశ్న. గుర్తింపు పత్రం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న కూడా.

దూరపు గిరాకీని నమ్ముకుంటే దూరపు చట్టాలు కూడా తలకి చుట్టుకుంటాయి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకి సుంకం మినహాయింపుని అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలో తేలక మన తపాలా శాఖ ఆ దేశానికి పార్సిళ్ల బుకింగు ఆపేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. దసరా, దీపావళి ముందు రోజులవి. డల్లాస్‌లో ఉన్న కూతురికి ఆవకాయ, సున్నుండలు పంపాలనుకున్న తల్లులకి ఎంత చిరాకో, వాళ్ల మీద ఆధారపడ్డ పచ్చళ్ల కొట్లకి అంత నష్టం. బయటి ఊళ్ల గిరాకీ పై ఆదాయంగా ఉండాలే గానీ, ఇంటద్దె దానిమీదే గడవాలంటే ప్రమాదం.

ఇక చిన్న వ్యాపారి ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటే అడ్డం ఏమిటి? ఇదివరకు పెద్ద అడ్డం జీఎస్‌టీ. ఏడాదికి 40 లక్షల టర్నోవరు లోపు సరుకులమ్మే కొట్టుకి మామూలుగా రిజిస్ట్రేషను అక్కర్లేదు గానీ, ఆన్‌లైన్ వేదిక మీద ఒక్క రూపాయి సరుకు అమ్మినా చేయించుకోవాల్సి వచ్చేది. 2023 అక్టోబరు 1 నుంచి సొంత రాష్ట్రంలోపు అమ్ముకునే చిన్నవాళ్లకి ఆ నిబంధన సడలించారు. ఈ సంగతి తెలియని వర్తకులు ఇంకా చాలామందే ఉన్నారు. 2021 చివర్లో కేంద్రం ఆధ్వర్యంలో పుట్టిన ఓఎన్‌డీసీలో ఒకచోట సరుకు పెడితే అనేక యాప్‌లలో కనబడుతుంది. ఉద్దేశం మంచిదే, చిన్న ఊళ్లలో మాత్రం దాని పేరు విన్నవాళ్లు తక్కువ. కిరాణా కొట్టుకి అసలు వీటితో పనేముందన్న అనుమానం కూడా సబబే. నూటికి ఐదారు రూపాయలు మిగిలే సరుకులో కమిషను, ప్యాకింగు, వెనక్కి వచ్చే సరుకు ఖర్చు పోగా చేతికి మట్టే. అలాంటి కొట్టుకి వాట్సాప్‌లో చీటీ పుచ్చుకుని సాయంత్రానికి సామాను ఇంటికి పంపడం చాలు. కొట్టు పేరు, ఫోను నంబరు, తీసే వేళ, మూసే వేళ గూగుల్ మ్యాపులో పెట్టుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. పాపికొండలకీ పట్టిసీమకీ వచ్చే యాత్రికులు దారిలో వెతికేది అందులోనే.

గోదావరి కూడా తన వంతు పరీక్ష పెడుతుంటుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. కుక్కునూరు, వేలేరుపాడు వైపు ఊళ్లకి దారులు మునిగాయి. దారి మునిగిన చోటికి ఏ యాప్ పార్సిలూ రాదు. అలాంటి రోజుల్లో మెరక మీద ఉన్న కొట్లో మిగిలిన బియ్యం, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలే దిక్కు. జూన్ రాకముందే ఏం నిల్వ చేయాలో ఏటి ఒడ్డు కొట్టాయనకి తాతల నాటి నుంచి తెలుసు.

ఇన్ని తెలిసిన కొట్టాయన ఒక్కటి మాత్రం రాసుకోరు. ఆయన ఖాతా పుస్తకంలో ఎవరు ఎంత బాకీ ఉన్నారో పైసలతో సహా ఉంటుంది. ఎవరు ఏం అడిగి, లేదనిపించుకుని వెళ్లారో ఉండదు. ఆన్‌లైన్ కంపెనీ బలమంతా అక్కడే. ఎవరు ఏం వెతికారు, ఏది చూసి కొనకుండా వదిలేశారు, ఎంత ధర దగ్గర ఆగిపోయారు అన్నది వాళ్ల దగ్గర భద్రంగా ఉంటుంది. రేపు ఏం చూపించాలో దాన్నిబట్టే తేల్చుకుంటారు. కొట్లో మాత్రం "ఆరో నంబరు చెప్పులున్నాయా?" "లేవమ్మా." అంతటితో సరి. రోజుకి పది 'లేవు'లు గాలిలో కలిసిపోతాయి. గల్లాపెట్టె పక్కన ఇంకో ఇరవై రూపాయల నోటుబుక్కు పెట్టి, లేదన్న ప్రతిదాన్నీ అందులో రాస్తే, నెల తిరిగేసరికి హోల్‌సేల్ కొట్లో ఏం కొనాలో ఎవరినీ అడగక్కర్లేదు.

ఈ పనిలో కొనేవాళ్ల సాయం కూడా కావాలి. శ్రోతలకి ఒక విన్నపం. ఈసారి మీకొచ్చిన పార్సిల్ కొట్టు దగ్గర తీసుకునేటప్పుడు, అందులో ఏముందో, ఎంతకి కొన్నారో, ఆయన దగ్గర ఎందుకు కొనలేదో కొట్టాయనతో చెప్పండి. ధర ఎక్కువనా, రంగు నచ్చలేదనా, అడిగితే విసుక్కున్నారనా, ఏదైనా సరే మొహమాటపడకుండా చెప్పండి. ఆయన నోటుబుక్కులో మొదటి పేజీ దానితోనే మొదలుపెట్టుకోవచ్చు.